తొలకరి వాసనను సీసాలో పడతానన్న కోడలికి

అనంతపురం,
ఆదివారం పొద్దున

పాపా సుజనా,

మేనత్త దీవెనలు. మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. కాసేపు చెనక్కాయల ధర, కాసేపు మీ నాయన మోకాళ్లు. అసలు సంగతి చివర్లో గొంతు తగ్గించి చెప్పింది. "వదినా, నీ కోడలు హైదరాబాదులో ఉద్యోగం మానుకోని వచ్చేసింది. ఊదుబత్తీలు చేస్తాదంట. వాన వాసన సీసాలో పడతాదంట. నువ్వన్నా నాలుగు తిట్టు" అంది. తిడతాలే అని మాటిచ్చి ఫోన్ పెట్టేశాను. పెట్టేసి చీకట్లో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. మన ఇంట్లో ఇంకొకరికి ఈ ముక్కు పిచ్చి పట్టిందన్నమాట. మీ మామ బతికుంటే ఆ రాత్రే కర్నూలు బస్సెక్కి ఉండేవాడు, నిన్ను వాటా అడగడానికి.

నవ్వుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. మీ అమ్మ మాటల మధ్యలో ఒకటి అనేసి పోయింది. "వంటింటి పక్క రూము ఖాళీ చేసిచ్చినాం. మధ్యలో తలుపు కూడా లేదు, అటూ ఇటూ తిరిగేదానికి వసతిగా ఉంటాది" అని. ఆ తలుపు లేని సంగతి నన్ను పట్టుకుంది. దాని గురించి రాయాలంటే ఒక పాత విషయం చెప్పాలి. చెప్తాను. ముందు మామూలు మాటలు అయిపోనీ.

రిజిస్ట్రేషన్, జీఎస్టీ, బ్యాంకు ఖాతా మీ నాయనకు అప్పజెప్పు, ఆయనకు కాగితాలంటే ఇష్టం. స్పిరిట్ జోలికి పోవాలంటే ఎక్సైజ్ వాళ్ల లైసెన్సు తీసుకున్నాకే పో. కొన్న ప్రతి సరుకుకూ దాని భద్రత కాగితం అడిగి ఫైల్లో పెట్టు, ఇవ్వనన్నవాడి దగ్గర కొనకు. చుక్కల లెక్క వద్దు, గ్రాముల్లో తూచు. గ్రాములో నూరో వంతు చూపించే త్రాసు కొనుక్కో. ఏం కలిపావో ఆ నిమిషమే పుస్తకంలో రాయి. వీలైతే ఉత్తరప్రదేశ్‌లో అత్తరుల ఊరు కన్నౌజ్‌లో 1991 నుంచి నడుస్తున్న సుగంధాల కేంద్రానికి పోయి శిక్షణ తీసుకో, అక్కడ డేగ్ అనే రాగి కాగు, భప్కా అనే ఆవిరి పట్టే కూజాలతో అత్తరు దించడం కళ్లారా చూడొచ్చు. ఇవన్నీ నీకు తెలిసినవే. ఒక మాట అనేసి ముందుకు పోతున్నాను.

నువ్వు ఎమ్మెస్సీ చేశావు, కంపెనీలో మిషన్ల మీద పని చేశావు. నేను డిగ్రీ కాలేజీలో 1981 నుంచి 2012 దాకా ల్యాబ్ అసిస్టెంట్‌ని. పాఠం చెప్పిందాన్ని కాదు, పాఠం అయ్యాక గాజు సామాను కడిగినదాన్ని. కానీ కడిగే మనిషికే బాగా తెలుస్తుంది పాపా, ఏ వాసన దేనికి అంటుకుంటుందో. శాలిసిలిక్ ఆమ్లంలో మిథనాల్ పోసి, నాలుగు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడి చేస్తే మిథైల్ శాలిసిలేట్ వస్తుంది కదా, ఏటా ఆ ప్రయోగం రోజు ఆడపిల్లలంతా "మేడమ్, అమృతాంజనం!" అని కేకలు పెట్టేవాళ్లు. అది అబద్ధం కాదు, అందులో ఉండే గంధపుర తైలం అదే. 1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ సీసా మూత తీస్తే ఇప్పటికీ నాకు ల్యాబు గుర్తొస్తుంది, తలనొప్పి కాదు.

ఇంక నీ తొలకరి గురించి. ఆలోచన మంచిది. దేశంలోనే తక్కువ వానలు పడే జిల్లాల్లో మాది ఒకటి, వాన వాసన విలువ మనకు తెలిసినట్టు కోనసీమ వాళ్లకు తెలుస్తుందా? ఆ వాసనకు పేరు పెట్టింది 1964లో. ఆస్ట్రేలియాలో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అనే ఇద్దరు. పెట్రికోర్ అన్నారు. గ్రీకులో రాయి, దేవతల నరాల్లో పారే ద్రవం, ఆ రెండు మాటలూ కలిపారట. ఎండాకాలమంతా మొక్కల నుంచి వచ్చే నూనెలు మట్టికీ రాళ్లకూ పట్టి ఉంటాయి, మొదటి చినుకు వాటిని లేపుతుంది. మరుసటి ఏడాది గెర్బర్, లెషవలియే అనేవాళ్లు మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ సూక్ష్మజీవుల నుంచి జియోస్మిన్ పట్టుకున్నారు. ఆ మట్టి వాసన దానిది.

జియోస్మిన్ కొంటావని నాకు తెలుసు, కొనకుండా ఉండలేవు. అందుకని చెప్తున్నా. మనిషి ముక్కు దాన్ని లక్ష కోట్ల పాళ్లలో ఐదారు పాళ్లున్నా పట్టేస్తుంది. కాబట్టి అసలు సరుకును త్రాసు దగ్గరికి తేకు. నూటికి ఒకటి కలుపు, దాన్ని మళ్లీ నూటికి ఒకటి కలుపు, ఆ నీరసపు ద్రావణంతో పని మొదలుపెట్టు. కొంచెం ఎక్కువైతే వాన పోయి బీట్‌రూట్ వస్తుంది. ఇంకొంచెం ఎక్కువైతే చెరువు అడుగు నీళ్లు వస్తాయి. అప్పుడు ఆ గది నుంచి దాన్ని తరిమేది ఎవరు? అది ఒక్కటే ఉంటే వాన కూడా కాదు. కన్నౌజ్ వాళ్లు కాల్చిన మట్టిని నీళ్లలో వేసి రాగి డేగ్‌లో ఉడికించి, ఆ ఆవిరిని చందనం నూనెలోకి దించుతారు. మట్టి వాసనకు కూర్చునే పీట కావాలి, ఆ పీట చందనం. నీ కర్నూలు నల్లరేగడి ఒక పూట, మా ఎర్రమట్టి ఒక పూట తడిపి పక్కపక్కన పెట్టుకుని చూడు. రెండూ ఒకటి కావు. నేనైతే ఎర్రమట్టికే ఓటేస్తాను. మీ నాయన ఒప్పుకోడు.

చందనం అన్నాను కాబట్టి ఇది కూడా. కడప వైపు నుంచి ఎవడో ఒకడు వస్తాడు, "మేడమ్, ఎర్రచందనం సెంటు ఉంది" అంటాడు. ఎర్రచందనానికి రంగే గానీ మంచిగంధం లాంటి వాసన లేదు. గంధానికి ఆ వాసన ఇచ్చే శాంటలాల్ దాంట్లో దొరకదు. వాడు అమ్మేది ఏదైనా కావచ్చు, ఆ సరుకు వెనక పోలీసు కేసు కూడా ఉండొచ్చు. వాకిట్లోనే నిలబెట్టి పంపెయ్.

నీకు మల్లెలంటే చిన్నప్పటి నుంచి ప్రాణం. కదిరి మల్లెల మూర తెస్తే సగం జడలో, సగం దిండు కింద పెట్టుకునేదానివి. మల్లె చేసేటప్పుడు బెంజైల్ అసిటేట్, లినలూల్ అనే పూల వాసన రసాయనాలు ఎంత బాగా కలిపినా అది సబ్బు మల్లెలాగే ఉంటుంది. ప్రాణం పోసేది ఇండోల్ అనే ఇంకో రసాయనం. సీసాలో వాసన చూస్తే కలరా ఉండలు, ఇంకా పచ్చిగా చెప్పాలంటే దొడ్డి వాసన. రవ్వంత వేస్తే రాత్రి పందిరి కింద నిలబడ్డట్టు ఉంటుంది. అది మొదటిసారి తెలిసిన రోజు నేను మీ మామతో, "అందమైనవాటిలో కూడా కాస్త కంపు ఉంటుందండీ" అన్నాను. ఆయన "నన్నేనా?" అన్నాడు.

రంగు మారితే భయపడకు. ద్రాక్ష, నారింజపూల పోకడ వచ్చే మిథైల్ ఆంథ్రనిలేట్ ఉంది కదా, దాన్ని ఆల్డిహైడ్‌తో కలిపితే రెండూ కూడబలుక్కుని నీటిని వదిలేసి కొత్త పదార్థం అవుతాయి. షిఫ్ బేస్ అని నువ్వు చదివే ఉంటావు. హైడ్రాక్సీ సిట్రొనెల్లాల్ అనే ఆల్డిహైడ్‌తో కలిపిన మరునాడు చూస్తే చిక్కటి పసుపు, నారింజ రంగు. కల్తీ అనుకుని మీ మామ పారబోయబోయాడు. అది ఆరాంటియోల్, అదే ఒక సరుకు. బెంజాల్డిహైడ్ సీసా మూత చుట్టూ తెల్లటి పలుకులు పేరుకుంటే అది గాలి తగిలి బెంజోయిక్ ఆమ్లం అయిందని అర్థం. వనిల్లా వాసన ఇచ్చే వెనిలిన్‌ను ఇనుప గరిటెతో ముట్టుకోకు, నల్లబడుతుంది. 

చీనీకాయ తొక్క సంగతి నీకు నేర్పింది నేనే. దీపం ముందు తొక్క వంచి పిండితే చిటపటమని నిప్పురవ్వలు, నువ్వు చప్పట్లు. ఆ రవ్వలు లిమొనీన్. నూనెలో తొంభై పాళ్ల వరకు అదే ఉంటుంది. గాలి తగిలితే పాడవుతుంది, టర్పెంటైన్ కంపు వస్తుంది. అంతకంటే ముఖ్యం, అలా పాడైనది చర్మానికి దద్దుర్లు తెస్తుంది. లినలూల్‌దీ అదే కథ. సగం ఖాళీ అయిన సీసాను సగం ఖాళీగా ఉంచకు, చిన్న సీసాలోకి నిండుగా మార్చు. గాజు గానీ అల్యూమినియం గానీ వాడు. థర్మాకోల్ గ్లాసులో పోశావంటే గ్లాసే కరిగిపోతుంది. రేకుల కొట్టంలో సరుకు పెట్టావని తెలిస్తే నేనే వచ్చి తిడతాను, మే నెలలో మన రేకుల కింద ఎలా ఉంటుందో నీకు ఒకరు చెప్పాలా?

బత్తీ సెంటును సీసాలో చూసి మెచ్చుకోవద్దు. అది కాలాల్సిన వస్తువు. నిమ్మ, నారింజ లాంటి తేలికవి నిప్పు దగ్గరికి వచ్చేలోపే ఎగిరిపోతాయి. చందనం, వెనిలిన్, కస్తూరి జాతివి నిలబడతాయి. నీ జియోస్మిన్ ఆ పొగలో ఎంత మిగులుతుందో వెలిగించే చూడాలి. అందుకే ప్రతి కలపడం తర్వాత సెంటు పట్టించని రెండు నల్ల బత్తీలు ముంచి, ఒక రాత్రి నీడన ఆరబెట్టి, వేరే గదిలో వెలిగించి, గడప బయట నిలబడి చూడు. పక్కన కూర్చుని కాదు. గడప బయట.

ఆ గడప దగ్గరికి వచ్చాను కాబట్టి ఇంక చెప్పేస్తాను.

2004 మే నెల. నీకు ఆరేళ్లు. ముక్కులో వాసనను గుర్తుపట్టే గ్రాహకాల గుట్టు 1991లో విప్పినందుకు రిచర్డ్ యాక్సెల్, లిండా బక్ అనే ఇద్దరికి ఆ ఏడాదే నోబెల్ ఇచ్చారు. పేపర్లో ఆ వార్త చదివేసరికి అక్టోబరు. అప్పటికి నా చేతికి కట్టు విప్పి మూడు నెలలైంది.

మీ మామ బత్తీల పని మొదలుపెట్టి రెండో ఏడు. గది లేదు. వేసవి సెలవుల్లో వంటింటి మూల బల్ల మీద నేను సెంటు కలిపేదాన్ని. మీ నాయన నిన్ను దిగబెట్టడానికి వచ్చి, ఎప్పటిలాగే అర మూట ఎర్రగడ్డలు తెచ్చాడు. కర్నూలు మార్కెట్లో అప్పుడు ధర లేదు, మోసుకొచ్చి మా వంటింట్లో పడేశాడు. ఆయన రెండో రోజే వెళ్లిపోయాడు. నువ్వు, ఎర్రగడ్డలు మిగిలారు.

ఆ రోజు పొద్దుటి నుంచి మల్లె కలుపుతున్నాను. పేపరు పట్టీలు ముంచడం, ఊపడం, ముక్కు దగ్గర పెట్టుకోవడం, రాసుకోవడం. ఇరవైయ్యో ముప్పయ్యో పట్టీలు. ఇండోల్ సరిపోలేదనిపించి ఇంకాస్త, ఇంకాస్త వేశాను. సరిపోలేదనిపించింది సెంటు వల్ల కాదు. ఒకే వాసనలో కాసేపు కూర్చుంటే ముక్కు దాన్ని లెక్క చేయడం మానేస్తుంది. చెప్పుల అంగడివాడికి తోలు వాసన తెలియనట్టు. ల్యాబులో ఇరవై మూడేళ్లు పని చేసినదానికి నాకు ఆ సంగతి తెలియదా? తెలుసు. పిల్లలకు చెప్పేదాన్ని కూడా.

సాయంత్రం నాలుగింటప్పుడు నువ్వు వీధిలో ఆడుకుని లోపలికి వచ్చావు. గడప మీద ఆగి ముక్కు మూసుకున్నావు. "అత్తా, ఎర్రగడ్డలు కుళ్లిపోయినాయి" అన్నావు. నేను గాలి పీల్చి చూశాను. నాకేమీ తెలియలేదు. సరే పిల్ల అంటోంది కదా అని మూట వాకిట్లోకి లాగి గుమ్మరించాను. నా ఖర్మకు అందులో మూడు నిజంగానే కుళ్లి ఉన్నాయి. మెత్తగా, నీరు కారుతూ. వాటిని పెంటకుప్పలో పారేసి వచ్చి, "నీ ముక్కు మంచిదే" అని నిన్ను మెచ్చుకున్నాను కూడా. నువ్వు మళ్లీ గడప మీదే నిలబడి, "ఇంకా వస్తాంది అత్తా" అన్నావు.

అప్పుడు నేనన్న మాట ఇరవై ఏళ్ల నుంచి నా చెవిలో ఉంది. "నీకేం తెలుస్తుంది, నేనిక్కడ పొద్దుటి నుంచి ఉన్నా. పోయి ఆడుకో పో" అన్నాను. పొద్దుటి నుంచి ఉన్నానట! అదే నా యోగ్యత అనుకున్నాను. అదే నా రోగం.

మీ మామకు టీ పెడదామని పొయ్యి దగ్గరికి పోయి అగ్గిపుల్ల గీశాను.

గ్యాసు పైపు రబ్బరు సిలిండరు దగ్గర పగిలి ఎంతసేపటి నుంచి కారుతోందో తెలియదు. వంట గ్యాసుకు సొంత వాసన దాదాపు ఉండదు. కారితే తెలియాలని అందులో ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. గంధకం ఉన్న పదార్థం. ఎర్రగడ్డలో ఏడిపించేదీ, కుళ్లితే కంపుకొట్టేవీ గంధకం సంతానమే. అందుకే నీకు ఎర్రగడ్డలాగా అనిపించింది. నువ్వు తప్పు చెప్పలేదు. నీ దగ్గర ఉన్న మాటల్లో సరిగ్గానే చెప్పావు. వంద కోట్ల పాళ్ల గాలిలో ఒకటి రెండు పాళ్లున్నా పట్టుకోగల వాసన అది. ఆరేళ్ల పిల్ల గడప మీద నిలబడి పట్టుకుంది. ల్యాబ్ అసిస్టెంట్ పట్టుకోలేదు.

గ్యాసు గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుని ఉంటుంది. మంట పై నుంచి రాలేదు, కాళ్ల దగ్గర నుంచి లేచింది. భుగ్గుమని ఒక్కటే చప్పుడు. నైలాన్ చీర కొంగు చేతికి కరిగి అతుక్కుంది. కుడిచేతి మీద నువ్వు మ్యాపు అని ఆడుకున్న మచ్చ అదే. కనుబొమలు పోయాయి. మీ మామ తొట్లో ముంచిన గోనెసంచి పట్టుకుని వచ్చి నన్ను చుట్టేశాడు, తర్వాత సిలిండరు కట్టేశాడు. స్పిరిట్ డబ్బా ఆ రోజు వరండాలో ఉంది. ఎందుకుందో, ఎవరు పెట్టారో ఇప్పటికీ గుర్తు లేదు. స్పిరిట్ ఆవిరి 13 డిగ్రీల దగ్గరే నిప్పు అందుకుంటుంది, ఆ రోజు బయట 42 ఉండి ఉంటుంది. బల్ల కిందే ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

నువ్వు గడప దాటి లోపలికి రాలేదు. నేను తిట్టానని అలిగి అక్కడే నిలబడ్డావు. నీ అలకే నిన్ను కాపాడింది.

అందరికీ పైపు పగిలిందని చెప్పాను. అది నిజమే. నువ్వు రెండుసార్లు చెప్పావని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీ నాయనకు ఇప్పటికీ తెలియదు. మీ మామకు తెలుసేమో, ఎప్పుడూ అడగలేదు. ఆ తర్వాత నువ్వు చాలా రోజులు ఏ వాసన వచ్చినా ముందు నా మొహం చూసి, నేను అవునంటేనే అవుననేదానివి. అది చూసినప్పుడల్లా చేతి మీద మచ్చకంటే ఎక్కువ మండేది. ఇప్పుడు చెప్తున్నాను పాపా. ఆ రోజు నీ ముక్కు కరెక్టు, నాది కాదు. నువ్వు ఈ పనికి పనికిరావని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు.

ఇప్పుడు ఆ తలుపు. ఈ వారమే తాపీ మేస్త్రిని పిలిపించు. తలుపు పెట్టించడం కాదు, ఇటుకలతో మూయించు. ఆ గదికి దారి పెరట్లో నుంచి పెట్టించు. లేకపోతే మేడ మీద గది తీసుకో, మీ నాయన పుస్తకాలు కిందికి దించితే కొంపలేం మునగవు. గదిలో పొయ్యి వద్దు, అగ్గిపెట్టె వద్దు, దీపం కూడా వద్దు. దేవుడి పటం పెట్టుకో, వెలిగించేది ఇంట్లో వెలిగించు. గ్యాసు పసిగట్టి మోగే యంత్రం వంటింట్లో పెట్టించు, గోడకు పైన కాదు, నేలకు జానెడు ఎత్తున. పైపు మార్చిన తేదీ గోడ మీద రాసిపెట్టు. వాసన వస్తోందని ఎవరైనా అంటే లైటు స్విచ్చి కూడా ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, సిలిండరు కట్టేసి, బయటికి నడువు. నీకు రాకపోయినా సరే. నీకు రాకపోతే ఇంకా తొందరగా నడువు.

అతిగా భయపెడుతున్నానంటావు. 1937 మార్చి 18న టెక్సస్‌లో న్యూ లండన్ అనే ఊళ్లో బడి కింద గ్యాసు పేరుకుని పేలిపోయింది. దాదాపు 300 మంది పోయారు, ఎక్కువ మంది పిల్లలే. ఆ గ్యాసుకు వాసన లేదు. వాసన కలిపి తీరాలని అక్కడ చట్టం వచ్చింది ఆ తర్వాతే. ఆ కంపు మనకు ఊరికే రాలేదు. అంత కష్టపడి మన కోసం పెట్టిన కంపును నేను మల్లెల మధ్య పోగొట్టుకున్నాను.

ఇంకో విడ్డూరం చెప్పనా? నకిలీ కస్తూరి పుట్టిందే పేలుడు మందుల దగ్గర. 1888లో ఆల్బర్ట్ బౌర్ అనే జర్మన్ టీఎన్‌టీ లాంటి పేలుడు పదార్థాల మీద పని చేస్తుంటే ఒకటి కమ్మగా వాసన వచ్చింది. ఆ జాతిలో మస్క్ ఆంబ్రెట్ అని ఒకటుంది, నరాలకూ చర్మానికీ చేటు. పరిమళాల పరిశ్రమ ప్రమాణాలు దాన్ని వాడొద్దన్నాయి. చవగ్గా ఇస్తామంటారు. తీసుకోకు.

నీ ముక్కు గురించి రెండు మాటలు. సీసాను నేరుగా పీల్చకు, పేపరు పట్టీ మీదే చూడు. పది పట్టీలు కాగానే లేచి పెరట్లోకి పో. కాఫీ గింజలు వాసన చూస్తే ముక్కు బాగవుతుందంటారు గానీ నాకు నమ్మకం లేదు, బయటి గాలి, సొంత చీర కొంగు చాలు. జలుబు చేసిన రోజు కలపకు. సాయంత్రం కలిపింది సాయంత్రమే ఖాయం చేయకు, మరునాడు పొద్దున మొహం కడుక్కున్నాక మొదటి పట్టీకి ఏం వస్తుందో అదే లెక్క. మీ మామ మొదటి ఏడాది సరుకు ఒక అంగడాయన అరవై డజన్లు తిప్పి పంపాడు, "ఇంట్లో వెలిగిస్తే కళ్లు తిరుగుతున్నాయి" అని. అది కూడా నా ముక్కు పుణ్యమే. చాలలేదని వేస్తూ పోయాను.

అందుకని ఒక మనిషిని పెట్టుకో. జీతానికి కాదు. పాలు పోసే ఆమె, పక్కింటి పిల్లాడు, ఎవరైనా సరే, వాసనల గురించి ఏమీ తెలియని మనిషి. రోజూ బయటి నుంచి వచ్చి గడప మీద నిలబడి ఏం వస్తోందో చెప్పాలి. వాళ్లు చెప్పే మాటలు నీ పుస్తకంలో లేని మాటలై ఉంటాయి. కుళ్లిన ఎర్రగడ్డ, తడి కుక్క, కొత్త నోట్ల కట్ట. దిద్దకు. అలాగే రాసుకో.

డబ్బు సంగతి మీ అమ్మ అడగమంది, మర్చిపోయాను. మొదటి రెండేళ్లు మిగలదు. నా పెన్షన్‌లో కొంత దాచాను, అప్పుగా ఇస్తాను. వడ్డీ బత్తీల రూపంలో కట్టు. మీ అమ్మను నేను సముదాయిస్తాను. నాలుగు తిట్టమంది కదా, తిట్టానని చెప్పు. చూడు, రెండు పేజీలు తిట్టాను.

కరోనా తర్వాత నా ముక్కు సగమే పని చేస్తోంది. ఇంగువ తెలుస్తుంది, మల్లె తెలియదు. కాఫీ ఉత్త వేడినీళ్లే. వాన వాసన వస్తుందో లేదో పోయినేడు సరిగ్గా చూసుకోలేదు, భయమేసి కిటికీ మూసుకున్నాను. ఈ ఏడాది చూస్తాను. నువ్వు మొదటి శాంపిల్ చేసినప్పుడు నాకు పంపు. నాకు తెలియకపోతే తెలియలేదనే చెప్తాను, పక్కింటి పాపను గడప మీద నిలబెట్టి అడిగి, ఆ పాప ఏమంటే అది రాస్తాను.

మీ నాయన వచ్చే నెల ఎటూ వస్తానన్నాడు, ఆయన చేత పంపు. ఎర్రగడ్డల మూటలో మాత్రం పెట్టకు.

మీ అత్త